ఆరో ఊరు

"మీరొక్కరే మిగిలారు" అంటూ రస్సెల్ కాగితాన్ని మళ్ళీ లక్ష్మణప్ప ముందుకు జరిపాడు. చెయ్యి వణకడంతో కాగితమూ వణికింది.

బాగేపల్లిలో పాస్టర్ల శిక్షణకు అది రెండో రోజు. వారంలో ఒక రోజు పని మానేసి విశ్రాంతి తీసుకుంటామని ఇరవై ఏడుగురు సంతకాలు పెట్టేశారు. ఆ ఒక్క మాట చెప్పడానికే న్యూజిలాండ్ నుంచి వచ్చిన రస్సెల్‌కు ఇరవై ఎనిమిదోది కూడా కావాలి. ఆయనా పాస్టరే, పట్టిందంటే ఉడుంపట్టు.

గూళూరు వైపు ఐదు ఊళ్ళ క్రైస్తవ సంఘాలను మోపెడ్ మీద తిరిగి చూసుకునే లక్ష్మణప్ప కాగితం ముట్టుకోలేదు. ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పే నయన వైపు తిరిగాడు.

"అమ్మా, చిక్కబళ్ళాపురంలో దిగినప్పట్నుంచి ఈయన నిద్రపోయినాడా?"

"యాడ నిద్ర అయ్యగారూ! పగలంతా పాఠాలు. రాత్రయితే వాళ్ళ సంఘమోళ్ళు ఫోన్లు చేస్తానే ఉండారు. నిన్న మెట్ల మీద తూలి పడబోయినారు. రేపు చింతామణిలో మళ్ళా ఆరు పాఠాలు. ఒకటన్నా తగ్గించుకోండంటే వినేదే లేదు."

లక్ష్మణప్ప మీసం దువ్వుకున్నాడు. "సరే, సంతకం పెడతా. మంచేనహళ్ళి పక్కన ఆరో ఊరొకటుండాది. ఈ మధ్యాన్నం ఈయన నాతో ఆడికి రావాల."

రస్సెల్ వెంటనే లేచి బైబిలు అందుకున్నాడు. మధ్యాహ్నం పాఠం తామే చదువుకుంటామని మిగిలిన ఇరవై ఏడుగురూ ఒక్క గొంతుతో అన్నారు. ఇంత శ్రద్ధగల పాస్టర్లను తానెక్కడా చూడలేదని రస్సెల్ పొంగిపోయాడు.

నయనతో కలిసి ముగ్గురూ ఊళ్ళో కారు దిగేసరికి లక్ష్మణప్ప అక్క కెంపమ్మ ఎదురొచ్చింది. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతిలో చెంబుడు మజ్జిగ.

"జనం ఎక్కడ?" అన్నాడు రస్సెల్, పాఠాలు చెప్పి చెప్పి బొంగురుపోయిన గొంతుతో.

"ఇంకా పాలు పోసే పొద్దు కాలేదని చెప్పమ్మా" అన్నాడు లక్ష్మణప్ప నయనతో. "డెయిరీకి పాలు పోసొచ్చినాకనే ఈ ఊర్లో ఎవురైనా ఒకచోట కూర్చునేది. అంతదాకా తిని, నడుం వాల్చమను."

కెంపమ్మ రాగి ముద్ద, అనపగింజలతో కాచిన అవరేకాయ సారు వడ్డించింది. పట్టుపురుగుల పంట దింపేసి షెడ్డు ఖాళీగా ఉంది. చల్లగా, చప్పుడు లేకుండా ఉంటుందని అందులో మంచం వేసింది. ఆ మందపాటి గోడల మధ్య ఫోనుకు సిగ్నలు కూడా లేదు.

"పది నిమిషాలే. జనం రాగానే లేపండి" అన్నాడు రస్సెల్. ప్రసంగం కాగితాలు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూశాడు.

పాలవేళ అయింది. కేన్లు పట్టుకుని జనం షెడ్డు ముందునుంచే వెళ్ళారు. లక్ష్మణప్ప గుమ్మంలో నిలబడి, "చప్పుడు చెయ్యొద్దండప్పా" అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. పాలు పోసి వాళ్ళు తిరిగి వచ్చారు. ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

రస్సెల్ లేచేసరికి పొద్దు గుంకుతోంది. ఉలిక్కిపడి బయటికి పరుగెత్తాడు. వాకిట్లో కెంపమ్మ కోళ్ళను గంప కింద మూస్తోంది.

"నన్నెందుకు లేపలేదు? ఇంతదూరం వచ్చి నిద్రపోయానే! వాళ్ళేమనుకున్నారు?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం గంటలా పలికింది. చెయ్యి వణకడం లేదు.

"ఎవురూ ఏమీ అనుకోలేదని చెప్పమ్మా" అన్నాడు లక్ష్మణప్ప. జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద సంతకం పెట్టాడు. పక్కనే తన విశ్రాంతి రోజు "సోమవారం" అని కూడా రాశాడు.

తిరుగు దారిలో రస్సెల్ డైరీ తెరిచాడు. మళ్ళీ ఈ దేశం వస్తే మొదటి ప్రసంగం ఈ ఊళ్ళోనే చేస్తానని గట్టిగా అనుకున్నాడు. ఊరి పేరు రాసుకుని నయనను ఏదో అడిగాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "అయ్యగారూ, ఈ ఊర్లో మన సంఘమోళ్ళు ఎంతమందని అడగతాండారు. పేరుపేరునా ప్రార్థన చేస్తారంట."

లక్ష్మణప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు దాచుకున్నాడు.

"ఆ ఊర్లో మనకు సంఘమే లేదమ్మా."