చెల్లెలి బుగ్గలు

ఆరో సిట్టింగయ్యాక స్కిన్ డాక్టరమ్మ నా చెంపను రెండు వేళ్లతో పట్టి వదిలింది. చర్మం వెంటనే సర్దుకుంది.

"మంచి బిగువొచ్చింది. పదేళ్లు తగ్గారు."

"ఎనిమిది చాలండీ," అన్నాను.

చెల్లి నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. అది పోయి ఏడాదైనా, చూపు లేని అమ్మకు ఆ మాట చెప్పలేకపోయాను. ఆదివారం అమ్మ దగ్గరికి నాలాగే వెళ్తాను. బుధవారం మాత్రం చెల్లి వాడే సబ్బుతో స్నానం చేసి, దాని గలగలా మాటలు తెచ్చిపెట్టుకుని వెళ్తాను. ఒక బుధవారం అమ్మ వేళ్లు నా వదులు చెంప దగ్గర ఆగిపోయాయి. మర్నాడే ఈ క్లినిక్కుకు పరుగెత్తాను. నెలకో సిట్టింగు.

ఈ బుధవారం ధైర్యంగా అమ్మ పక్కన కూర్చున్నాను.

"నేనేనమ్మా, చిన్నదాన్ని."

అమ్మ నా మొహమంతా తడిమింది. మళ్లీ తడిమింది. ఏదో పోగొట్టుకున్నదానిలా వెతికింది.

"ఏమే పెద్దదానా, నీ బుగ్గలేం చేసుకున్నావే?"

అమ్మ చేతుల్లోంచి మొహం వెనక్కి లాక్కున్నాను.

"చెల్లి పోయిందని నాకెప్పుడో తెలుసే. తెలుసంటే నువ్వు బుధవారాలు రావడం మానేస్తావేమోనని నోరు మెదపలేదు."