చిన్న ఈరన్న షెడ్డు

చౌడమ్మ పెట్టిన చెంబు నీళ్ళను బొజ్జన్న ముట్టుకోలేదు. మగ్గం గుంట పక్కనున్న గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ గోడ మీద మూడు మోటారు సైకిళ్ళ బొమ్మలున్నాయి. నూలుకు పట్టించే గంజితో అతికించినవి, నాలుగేళ్ళయినా అంచు కూడా లేవలేదు. చౌడమ్మ కొడుకు చిన్న ఈరన్న చీరల మూటతో కర్నూలు పోయినప్పుడల్లా లేవి అనే మేస్త్రీ దగ్గర సాయంత్రం దాకా బండ్లు విప్పి, బిగించి, తోలి చూసి, కూలికి బదులు పాత ఇంగ్లీషు పత్రికల కాగితాలు తెచ్చుకునేవాడు. కోడుమూరులో వాళ్ళకున్నది ఒక్కటే గది. అందులో మగ్గం పోగా మిగిలిన గోడకు "మన షెడ్డు" అని పేరు పెట్టుకున్నాడు.

లావు చక్రాల బండి హంద్రి ఏటి ఇసుకలో తిరగడానికట. తేలికైనది రేగడి నేలకట, బురదలో పడినా ఒక్కడే లేపుకోవచ్చట. బలమైనది నల్లమల ఘాటు ఎక్కడానికి. నాలుగో జాగా ఖాళీగా వదిలాడు. పక్కన తొట్టి ఉన్న బండి బొమ్మ దొరికితే అక్కడ అతికిస్తాడట, అది అమ్మకట.

"నన్ను నలుగురు మోసుకపోతారులే నాయనా, దానికి బండెందుకు" అనేది చౌడమ్మ.

గాలి వీస్తే గోడ కూలుతుందేమో అనుకునే మనిషి ఆమె. ఒకసారి పత్తికొండ దారిలో ఎవరో దొర మోటారు సైకిలు వంకలో తిరగబడి ఉండగా చూసింది. దొర కాలు విరిగి ఏడుస్తున్నాడు, చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ చక్రం ఆమె కళ్ళలోంచి పోలేదు.

యుద్ధం వచ్చింది, నూలు రావడం ఆగిపోయింది. మగ్గం మీద సాలీడు గూడు కట్టాక చిన్న ఈరన్నా, పక్కింటి ఈరక్క కొడుకు బొజ్జన్నా పటాలంలో చేరతామన్నారు. లేవి దగ్గర ఇద్దరూ తోలడం నేర్చుకున్నారు కాబట్టి మోటారు సైకిళ్ళ మీద జాబులు చేరవేసే పని ఇస్తారని ఊళ్ళో అనుకున్నారు. చౌడమ్మ మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నాలుగోనాడు తనే మెట్టు దిగింది.

"పోతే పో. నడిచే పని చెయ్. ఆ బండి మాత్రం ఎక్కొద్దు. నేల మింద కాళ్ళున్నోనికి ఏం గాదు."

పసుపు గుడ్డలో దుడ్డు పెట్టి, ఉరుకుంద ఈరన్నస్వామి పేరు చెప్పి, కొడుకు రెట్టకు కట్టింది. క్షేమంగా వస్తే శ్రావణంలో స్వామి గుడికి తీసుకొస్తానని మొక్కింది. దీపం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. చిన్న ఈరన్న గోడకేసి ఒకసారి చూసుకుని, "అట్లనేలేమ్మా" అన్నాడు.

బెంగుళూరు పటాలం నుంచి మూడు జాబులు వచ్చాయి. చౌడమ్మ మూడో తరగతి దాకా చదువుకుంది, కూడబలుక్కుని తనే చదువుకునేది. మూడో జాబులో, "మోటారు సైకిళ్ళకు మనుషులు కావాలంట. నా పేరు గూడా రాసుకున్యారు" అని ఉంది. తర్వాతి రెండు వరసలూ పటాలం వాళ్ళు నల్లసిరాతో కొట్టేశారు. ఎండకు పట్టి చూసింది, తడిపి చూసింది. ఒక్క అక్షరం కనబడలేదు.

తర్వాత వచ్చింది తంతి. బర్మా వైపు చనిపోయాడనే తప్ప ఎట్లా చనిపోయాడో అందులో లేదు.

చౌడమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాడు ఎక్కాడు. ఒట్టు తప్పాడు, స్వామి ఊరుకుంటాడా? రెండు శ్రావణాలు గడిచినా ఆమె ఉరుకుంద పోలేదు. కొడుకు పేర దీపం పెట్టలేదు. చచ్చినవాడి మీద ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉండడం ఆమెనే లోపల తొలిచేస్తోంది.

పటాలంలో బండి పనికి కుదిరిన బొజ్జన్న తిరిగొచ్చి నెల దాటింది. ఒంటి మీద గీత లేదు, పైగా కండపట్టి వచ్చాడు. ఈ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే మాత్రం చుట్టూ తిరిగి పోతున్నాడు. దాస్తున్నాడని చౌడమ్మకు అర్థమయింది. ఈ పొద్దు బావి దగ్గర చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"వాడు బండి ఎక్కినాడా లేదా? అదొక్కటి చెప్పప్పా."

"ఇప్పుడెందుకులే పెద్దమ్మా."

"వానికి దీపం పెట్టల్లంటే చెయ్యి రాకుండా ఉండాది. నా మాట దాటిపోయినాడని తెలిస్తే ఏడ్చుకుంటా. దాటలేదని తెలిసినా ఏడ్చుకుంటా. ఏదో ఒకటి చెప్పు."

బొజ్జన్న చెంబును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఎక్కలేదు. మూడు మాట్లు పేరు పిల్చినారు. మా అందరికంటే బాగా తోలేది వాడే. రెట్టకున్న గుడ్డ సూపించి, 'మా యమ్మకు మాటిచ్చినా' అని నడిచేటోళ్ళ వరసలో పోయి నిలబడినాడు."

చౌడమ్మ లేచి, గూట్లో రెండేళ్ళుగా ఎండిపోయిన ప్రమిదను కొంగుతో తుడిచి, నూనె పోసి వెలిగించింది. వచ్చే శ్రావణంలో ఉరుకుంద పోతానంది. నా బిడ్డ ఒట్టు నిలబెట్టుకున్నాడంటూ గోడ మీది బొమ్మలను ఒక్కొక్కటే చేత్తో నిమిరింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖంలో కొంచెం వెలుగు కనబడింది. పరాయి బిడ్డ మీద కూడా జాలి కలిగింది.

"నువ్వు ఎక్కితివి గదప్పా. ఆ పాడు బండి మింద, ఆ బర్మా కొండల్లో, ఎట్ల బతికి వస్తివి నాయనా?"

బొజ్జన్న దీపం వైపు చూడలేకపోయాడు.

"బండ్లోళ్ళను బెంగుళూరు దాటించలేదు పెద్దమ్మా."