బొమ్మ ఇంజనుకు పొగ

అరచేతిలో పట్టే బొమ్మ రైలింజనులో పొగ వదిలే పరికరం అమర్చడానికి అల్లుడికి మూడు ఆదివారాలు పట్టింది. సోల్డరింగ్ కడ్డీతో రెండు వేళ్లు కూడా కాల్చుకున్నాడు.

చివరికి పొగగొట్టంలో నాలుగు చుక్కల నూనె పోసి స్విచ్చి నొక్కాడు. రైలు గుప్పుగుప్పున పొగ వదులుతూ భోజనాల బల్ల మీద చక్కర్లు కొట్టింది.

ముప్పై ఏళ్లు బొగ్గు ఇంజన్లలో పొయ్యిలోకి పారతో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసిన మామగారిని ఎదురుగా కూర్చోబెట్టి ఫోను కెమెరా పెట్టాడు. ఆయన మెచ్చుకుంటే తానున్న బొమ్మ రైళ్ల సంఘంలో తనకిక తిరుగుండదు.

"అచ్చం అసలు ఇంజను పొగే కదా, మామయ్యగారూ? చూడండి, ఎంత దట్టంగా వస్తోందో!"

మామగారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఇంత పొగొస్తే మాకు మెమో ఇచ్చేవాళ్లు. బొగ్గు సరిగ్గా మండితే పొగ కనపడదు. కనపడిందంటే పార పట్టినవాడికి పని రాదని."

అల్లుడి ముఖం మాడిపోయింది.

"మీ ఇంజనుకి ఒక్కసారి కూడా ఇలా రాలేదా?"

"ఎందుకు రాలేదు? ఒకే ఒక్కసారి వచ్చింది."

ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

"అమ్మాయిని మీకిస్తానని మాటిచ్చిన రోజు, అల్లుడుగారూ. ఆ రోజు నా బుర్ర పనిచేయలేదు."