డిఫెండర్ మొగుడు

"ముందు నువ్వు కూసో," అంటూ సింధూజ మొగుణ్ణి నరాల డాక్టరు ఎదుటి స్టూలు మీదికి తోసినంత పని చేసింది. తాను పక్కనున్న కుర్చీ లాక్కుంది.

నిజామాబాద్ పోదామని వారం నుంచి పోరుపెట్టింది పరమేశ్వరే. తన తలలో ఏదో తేడాగా ఉందట, ఒక్కడే పోవాలంటే భయమట. తనకు జ్వరమొచ్చినా ఆస్పత్రి గడప తొక్కని సింధూజ, మొగుడి కోసం గనక బోధన్‌లో బస్సెక్కింది.

ఇద్దరూ ఫుట్‌బాల్ ఆడి బతికినవాళ్ళే. ఊళ్ళు వేరు, క్లబ్బులు వేరు గానీ ఇద్దరూ డిఫెండర్లే. మీదికొచ్చిన బంతినల్లా తలతో తిప్పికొట్టడమే ఉద్యోగం. ఆ దెబ్బలు ఆనాడు తెలియవనీ, ఆట మానేసిన ఏళ్ళకు మతిమరుపై బయటపడొచ్చనీ డాక్టరు చెప్పాడు.

"మరి మీకేం ఇబ్బంది లేదామ్మా?"

"నాకేమైతది సార్. నా తల గట్టిది."

"గట్టిదే సార్," అన్నాడు పరమేశ్వర్. "పెండ్లైనకాడికెళ్ళి సూస్తున్న."

సింధూజ అతని మోకాలి మీద ఒక్కటిచ్చి, ఇక అతన్ని నోరు తెరవనీయలేదు. ఎరువుల దుకాణంలో కూర్చుని గంటగంటకూ ఫోన్ చేసి, తిన్నవా అని అడిగిందే అడుగుతాడట. ఇంటి తాళంచెవి ఆమెకివ్వడం మరిచిపోయి జేబులో వేసుకుని తిరుగుతాడట. కూరగాయలకు బయల్దేరితే చాలు, చంటిపిల్లాడిలా వెంటపడతాడట. పొయ్యి ఆర్పిందా లేదా అని పక్కింటి శ్యామలమ్మను పంపి మరీ చూపిస్తాడట. ఇవన్నీ ఒకెత్తు. మొన్న వంటింట్లో డబ్బాలన్నిటికీ పెద్దపెద్ద అక్షరాలతో పేర్లు రాసి అంటించాడు.

"శక్కర ఫ్యాక్టరీ ఊర్ల పుట్టిండు సార్. శక్కరేదో ఉప్పేదో డబ్బా మీద రాసుకుంటె గని ఎరుకైతలేదు."

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. పరమేశ్వర్ కూడా నవ్వాడు.

"గిట్లనే నవ్వుతడు. ఫైనల్ల నేను కొట్టిన హెడ్డర్ ముచ్చట చెప్తె, గప్పుడే విన్నట్టు నోరు తెరిచి ఇంటడు. ఎన్నడో చెప్పిన ముచ్చటనే గదా, యాదికుండద్దా?"

ఆ హెడ్డర్ ఎలా పడిందో డాక్టరుకూ చెప్పింది. పరమేశ్వర్ నోరు తెరిచి విన్నాడు. గోల్ అయ్యాక చప్పట్లు కూడా కొట్టాడు.

"సూసిన్రా?" అంది సింధూజ.

డాక్టరు చూశానన్నట్టు తలూపాడు.

అప్పటిదాకా హుషారుగా మాట్లాడిన ఆమె గొంతు సన్నబడింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, ఇవన్నీ తాను సర్దుకుంటుందనీ, మందులేవైనా సరే టైముకు మింగిస్తుందనీ చెప్పింది.

"ఒక్కటే బుగులు సార్. ఏదో ఒక పొద్దుగాల నా మొకం సూసి, నువ్వెవ్వలు అని అడుగుతడేమో."

పరమేశ్వర్ నవ్వు ఆగిపోయింది. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నా బుగులు గూడ గదే సార్," అన్నాడు.

డాక్టరు లేచి వచ్చి సింధూజ కళ్ళలోకి టార్చి వేశాడు.