పాఠకురాలి ఉత్తరం

రహస్య పోలీసు కెప్టెన్ డ్రాగోమిర్ బల్ల సొరుగును మళ్ళీ బలంగా మూశాడు. అందులో ఇరుక్కున్న ట్రయాన్ కుడిచేతి వేళ్ళు చితికిపోయాయి.

"నీ సైన్స్ కథల పత్రిక బుకారెస్ట్ అంతా చదువుతోంది. రెండువేల సంవత్సరం ఎలా ఉంటుందని పాఠకుల్ని అడిగావు. 'రొట్టెకి క్యూలుండవు, గోడల మీద నాయకుల ఫొటోలుండవు' అని రాసిందెవరు?"

"ఎడిటర్ని నేనే కదా సార్. ఆ ఉత్తరం కూడా నేనే రాసుకున్నాను."

"నీ రాత ముత్యాల్లా ఉంటుంది. ఇది కోడి గెలికినట్టుంది. ఎవరి చెవిలో పూలు పెడతావురా?"

ఉత్తరం అడుగున పేరు చిరిగి ఉంది. దాన్ని రాసిన పన్నెండేళ్ళ ఇలింకా పేరున్న ఆ ముక్కను, పోలీసులు తలుపు బద్దలు కొడుతుండగానే ట్రయాన్ నమిలి మింగాడు.

మేజర్ లోపలికి వచ్చాడు. "ఇంకా తేలలేదా?"

"తనే రాశానంటున్నాడు సార్."

"అయితే మళ్ళీ రాయించు."

చితికిన వేళ్ళ మధ్య కలం ఇరికించుకుని ట్రయాన్ రాశాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. కాగితం మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

మేజర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అదే రాత కదయ్యా. ఫైలు మూసేసి వీణ్ణి జైలుకి పంపు."

"సార్, ఆ వేళ్ళు..." అనబోయిన డ్రాగోమిర్, వాటిని తనే చితక్కొట్టిన సొరుగు వంక చూసి, ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

ట్రయాన్ పళ్ళ సందులో నాలుకతో వెతికి, అక్కడ మిగిలిన కాగితం పీచును కూడా మింగేశాడు.