రేవులో దొర సమాధి

త్రినాథ్ నమ్మకద్రోహి. పెనుమూడి రేవు చరిత్ర రాస్తానని వచ్చి, వారం రోజులు నా పడవలో కృష్ణంతా తిరిగాడు. మా ఆవిడ చేసిన బొమ్మిడాయిల పులుసు మారు వేయించుకుని మరీ తిన్నాడు. (ఆ పులుసు సంగతి మొదలుపెడితే ఈ పోస్టుకార్డు చాలదు.)

ఈ ఉదయం చూద్దును కదా, నేను పడవ కట్టే రాతి చుట్టూ ఇనుప కంచె! పక్కన కొత్త బోర్డు, దాని పక్కన త్రినాథ్.

"ఇక్కడ పడవ కట్టకూడదు తాతగారూ. ఊరివాళ్ళు తీర్మానం చేశారు. ఇది డచ్చి దొర సమాధి కదండి!"

"నలభై ఏళ్ళుగా కడుతున్నానయ్యా. ఇది తప్ప రేవంతా బురదే. పడవ కొట్టుకుపోతే నా కూడు పోతుంది."

"దొరగారు నిద్రపోతున్నారు, గట్టిగా మాట్లాడకని మీరే అన్నారుగా?"

బోర్డు చదివాను. మునిగిన ఓడ, దొర మనసుపడ్డ పూలమ్మే పిల్ల, అమావాస్యనాడు నీళ్ళలో మోగే గంట. నేను చెప్పింది చెప్పినట్టు, పొల్లుపోకుండా రాశాడు.

"అదంతా అబద్ధం నాయనా! పడవ కట్టుకోవడానికి మా నాన్న ఎడ్లబండి మీద తెచ్చి పాతిన రాయి అది."

త్రినాథ్ ప్రేమగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"కట్టుకథలు నా దగ్గరా తాతగారూ?"