తన్నని పిస్తోలు

“ఇంక నా వల్ల గాదు మామా. ఇది పిస్తోలు గాదు, కంచర గాడిద. పేల్చినప్పుడల్లా తంతా ఉండాది” అంటూ సుకుమారి పిస్తోలును బల్ల మీద పెట్టేసి, మణికట్టు పట్టుకుని కూలబడింది.

ఆత్మకూరు అవతల క్లబ్బు వాళ్ల షూటింగ్ రేంజిలో ఎండ నెత్తి మీదికి వచ్చింది. తెల్లవారితే శనివారం, రాష్ట్ర పోటీలకు పోయే జూనియర్ల జట్టు ఎంపిక. కొండలయ్య ఎదుట నిలబెట్టిన గురి అట్టను చూశాడు. పదింటిలో ఆరు తూటాలు నల్లచుట్టు బయటే తగిలాయి. మేనకోడలి చూపు మీద ఆయనకు అనుమానం లేదు. ఆ పిల్ల భయమంతా తన్ను మీదే. ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటోంది, చెయ్యి బిగుసుకుపోతోంది.

“నువ్వు ఏరుకున్నదే గదా ఇది? మూడు పిస్తోళ్లు చేతికిస్తే, దీని పిడే సరిపోయిందన్నావు.”

“పిడి బాగానే ఉండాది. తూటాల్లో నువ్వు కూరే మందే ఎక్కువ. రవ్వంత తగ్గించు మామా.”

“తగ్గించను.”

“రవ్వంతే!”

“ఇది సెమీ ఆటోమేటిక్కు. ఆ తన్నుతోనే పైనుండే స్లైడు ఎనక్కి పోవాల. మందు చాలకపోతే పేలిన తూటా ఖాళీ కేసు బయట పడదు, ఇంకో తూటా ఎక్కదు. మరీ తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటాది. దాని ఎనకాల ఇంకోటి పేలిస్తే నీకు చెయ్యే ఉండదు. ఇరవై రెండేళ్లు మిలిటరీలో తుపాకులు బాగుచేసినోణ్ణి, నాకే చెప్తావా?”

“అయితే రేపు నేను రాను.”

“రాకపోతే మానుకో” అన్నాడే గానీ కొండలయ్య మనసులో ఆ మాట లేదు. ఈ ఏడు దాటితే ఆ పిల్లకు జూనియర్ల వయసే దాటిపోతుంది.

ఉదయగిరి దారిలోని ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దుంది. సుకుమారి మూతి ముడుచుకుని, వేడి ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. కొండలయ్య లైసెన్సు కాగితం అతికించిన బీరువా తెరిచి, రేపటికి అరవై తూటాలు తయారుచేయడానికి కూర్చున్నాడు. వాడేసిన ఇత్తడి కేసులను కడిగి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్లు బిగించి ముందే సిద్ధం చేసుకున్నాడు. ఇక మందు పోయాలి, పైన సీసపు గుండు బిగించాలి.

మందు తూచేది ఆయన. చిన్న గరాటు పెట్టి కేసులో పోసేది వాళ్లమ్మ హన్నమ్మ. ఆయన వేళ్లు వణుకుతాయి, ఎనభై దాటినా ఆమె వేళ్లు వణకవు. ఎవరికిచ్చే చేతులు వాళ్లకిచ్చాడు దేవుడు. కొండలయ్య ముక్కు త్రాసుకు ఆనించి పలుకు పలుకూ తూచి బుల్లి గిన్నె అందిస్తాడు. ఆమె పోసి కేసు తిరిగి ఇస్తుంది. ఆయన ప్రెస్సులో పెట్టి గుండు బిగిస్తాడు.

“పిల్ల ఏడస్తా ఉండాది రా. ఆ మందేదో కొంచెం తగ్గించరాదా?”

“నీకు తెలవదు లేమ్మా. మాట్లాడకుండా పని చూడు.”

“చూస్తానే ఉండా గదా నాయనా” అని హన్నమ్మ తలొంచుకుంది.

రానన్న పిల్ల మర్నాడు అందరికంటే ముందే జీపెక్కింది. రేంజిలో మొదటి తూటా పేలినప్పుడు కొండలయ్య అట్ట వైపు చూడలేదు, ఆమె మణికట్టునే చూశాడు. అది పెద్దగా కదల్లేదు. రెండోది. మూడోది. స్లైడు ఎక్కడా తట్టుకోకుండా వెనక్కి పోయి ముందుకొస్తోంది. అయిదోదానికల్లా సుకుమారి కళ్లు తెరిచే పేలుస్తోంది. చివరికి అట్ట తెచ్చి చూపిస్తే నల్లచుట్టు నడుమ చిరిగి జల్లెడైంది. జట్టు పేర్లు చదివారు. రెండో పేరు ఆమెదే.

పరుగెత్తుకుంటూ వచ్చి మేనమామ రెండు చేతులూ పట్టుకుంది. “తగ్గించనంటివే! తగ్గించినావు గదా మామా! ఎంత మెత్తగా పేలినాదో! మా నాయన కూడా నాకోసం ఇంత చెయ్యలేదు” అని ఆ చేతులు కళ్లకద్దుకుని బావురుమంది.

కొండలయ్య తగ్గించింది ఏమీ లేదు. ఇంకెవరికో పెట్టాల్సిన దండం దారితప్పి తన మీద పడ్డట్టు ఇబ్బందిగా నవ్వాడు.

ఇంటికి రాగానే గది తలుపు వేసుకుని, మిగిలిన అయిదు తూటాల గుండ్లు ఊడదీశాడు. మందు తూచాడు. తక్కువుంది. త్రాసు చెడిందేమోనని సరిచూసి మళ్లీ తూచాడు. అయిదింటిలోనూ తక్కువే, అదీ పలుకు తేడా లేకుండా ఒకే లెక్కన. చేతిని తన్నకుండా, స్లైడు ఆగకుండా, సరిగ్గా రెంటికీ నడుమ నిలిచే కొలత. ఇరవై రెండేళ్ల మిలిటరీకి అందని కొలత.

“అమ్మా!” అని కేకేశాడు. హన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“నిజం చెప్పు. పిల్ల మీద జాలిపడి మందు తీసేసినావా? ఇంకొంచెం తక్కువైతే ఏమయ్యుండేదో తెలుసా?”

“నీ మాట కాదని నేనెందుకు తీస్తాను రా? నువ్వు తూచిందంతా పోసినాను, దేవుడి వంతు తప్ప.”

“దేవుడి వంతు ఏంది?”

ఆమె బైబిలు పెట్టుకునే గూట్లోంచి మూత బిగించిన చిన్న డబ్బా తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

“ఎసట్లో బియ్యం పోసేముందు గుడికని పిడికెడు తియ్యకుండా ఏనాడన్నా పోసినానా? నీ గిన్నెలో పిడికెడంత లేదాయె, అందుకని గిన్నెకో చిటికెడు తీసినా. రేపు ఆదివారం గదా, ఇది పాస్టరయ్య చేతికిచ్చి పిల్ల గెలిచినందుకు స్తుతి ప్రార్థన చేయించు నాయనా!”